భూమి మనది, ప్లాను వాళ్లది

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

మీ పేరున పాసుపుస్తకం ఉంది. శిస్తు బాకీ లేదు, బ్యాంకు అప్పు లేదు, గట్టు పక్కవాడితో తగాదా లేదు. ఒకరోజు ఒక కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. ఆ కంపెనీకి మీ ఊళ్లో సెంటు భూమి కూడా లేదు. అయినా మీ పొలం మీదుగా రోడ్లు వేసే హక్కు మున్సిపాలిటీ తనకిచ్చిందని, అందుకోసం మీ భూమిలో కొంత ఉచితంగా వదులుకోవాలని, మిగిలిన దానికి రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు దీపాల ఖర్చులో మీ వాటా కట్టాలని అందులో రాసి ఉంటుంది. డబ్బు కట్టలేకపోతే ఆ మేరకు ఇంకొంచెం భూమి ఇవ్వాలట. అప్పుడు మీరేం చేస్తారు?

ఇదెక్కడి చోద్యం అని నవ్వుకుంటారేమో. ఇది కట్టుకథ కాదు. స్పెయిన్ దేశంలో వాలెన్సియా ప్రాంతంలో పదేళ్లకు పైగా చట్టం సాక్షిగా జరిగింది. ఆ ఉత్తరాలు అందుకున్న వాళ్లలో అమాయక పల్లెటూరి రైతులే కాదు, ఇంగ్లండు, జర్మనీ, హాలండుల నుంచి వచ్చి స్థలాలు, ఇళ్లు కొనుక్కున్న చదువుకున్న వాళ్లూ వేలమంది ఉన్నారు. లాయర్లను పెట్టుకోగలిగిన వాళ్లు, ఇంగ్లీషు పేపర్లలో వార్తలు రాయించుకోగలిగిన వాళ్లు, యూరోపియన్ పార్లమెంటు గుమ్మం ఎక్కగలిగిన వాళ్లు. వాళ్లకే దిక్కు తోచలేదు.

ఎక్కడో ఐరోపాలో బంగళాలు కొనుక్కున్న దొరల గొడవ మన పత్రికలో ఎందుకని కొందరు అడగొచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ ఆ చట్టం నడిచిన తీరు చదివే కొద్దీ, అందులో దేశం పేరు, భాష తీసేస్తే మిగిలేది మన ఊరి కథేనని అర్థమైంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

సొమ్మొకడిది, సోకొకడిది

వాలెన్సియా అంటే మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న నారింజ తోటల సీమ. తీరం నుంచి కొంచెం లోపలికి వెళితే బాదం చెట్లు, ద్రాక్ష తోటలు, రాళ్లు పేర్చి కట్టిన మెట్ల పొలాలు. ఎండ బాగా కాస్తుంది, చలి తక్కువ. చలిదేశాల వాళ్లు ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక ఇక్కడికి వచ్చి స్థిరపడటం ఎప్పటి నుంచో ఉంది. 1986లో స్పెయిన్ ఐరోపా సమాఖ్యలో చేరాక ఇంకా పెరిగింది. జీవితమంతా దాచుకున్న డబ్బుతో ఒక పాత రైతు ఇల్లు, దాని చుట్టూ కాస్త తోట కొనుక్కుని చివరి రోజులు ప్రశాంతంగా గడపాలన్నది వాళ్ల ఆశ.

1994 నవంబరులో వాలెన్సియా ప్రభుత్వం ఒక కొత్త పట్టణాభివృద్ధి చట్టం చేసింది. చెప్పిన కారణాలు వినడానికి బాగానే ఉన్నాయి. భూస్వాములు ఖాళీ స్థలాలు అట్టిపెట్టుకుని ధర పెరిగే దాకా కూర్చుంటున్నారు, ఇళ్లు దొరకడం లేదు, చిన్న మున్సిపాలిటీల దగ్గర రోడ్లు వేసే డబ్బు లేదు అన్నారు. కాబట్టి ఎవరైనా డెవలపర్ ముందుకొచ్చి ఫలానా ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తానని ప్లాను తెస్తే, మున్సిపాలిటీ దాన్ని ఆమోదించి అతన్ని ఏజెంటుగా నియమించవచ్చు. ఆ ఏజెంటు ఆ భూమికి యజమాని కానవసరం లేదు. అసలు కిటుకంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ప్లాను ఆమోదం పొందగానే సాగుభూమి కాగితం మీద పట్టణ భూమి అయిపోతుంది. అందులో ఉన్న యజమానులంతా, ఇష్టం ఉన్నా లేకపోయినా, ఆ ప్రాజెక్టులో భాగస్తులు. రోడ్లకు, పార్కులకు, బడికి అని కొంత భూమి పోతుంది. పెరిగిన విలువలో మున్సిపాలిటీ వాటా అని ఇంకొంత పోతుంది. మిగిలిన దాని మీద రోడ్ల ఖర్చు బిల్లు పడుతుంది. ఆ ఖర్చు లెక్క కట్టేది ఎవరు? పని చేసి డబ్బు వసూలు చేసుకునే ఆ ఏజెంటే. ఇరవై ఏళ్లుగా కరెంటు, నీళ్లు ఉన్న ఇంటివాడికి కూడా బిల్లు తప్పలేదు. ఇల్లు కొన్న ధరను మించిన బిల్లులు వచ్చాయని ఫిర్యాదు చేసిన వాళ్లు ఉన్నారు.

మామూలుగా ప్రభుత్వం భూమి తీసుకుంటే ప్రజా ప్రయోజనం ఏమిటో చెప్పాలి, పరిహారం ఇవ్వాలి. రియల్ ఎస్టేట్ వ్యాపారి భూమి తీసుకుంటే యజమానిని ఒప్పించాలి, ధర ఇవ్వాలి. ఈ చట్టం వ్యాపారికి ప్రభుత్వపు బలం ఇచ్చింది, ప్రభుత్వానికి ఉండే బాధ్యత మాత్రం ఇవ్వలేదు. కొనకుండానే భూమి మీద పెత్తనం దొరికితే ఇక కొనేదెవరు?

గెజిట్‌లో వేశాం, చూసుకోలేదా?

నోటీసుల సంగతి కూడా మనకు తెలిసిన బాపతే. ప్లాను గెజిట్‌లో వేస్తారు, ఒక పేపర్లో ప్రకటన ఇస్తారు. అభ్యంతరాలు చెప్పడానికి కొద్ది వారాల గడువు. విదేశీయుడు ఆ సమయంలో తన దేశంలో ఉంటే, లేదా అతనికి స్పానిష్ భాష సరిగా రాకపోతే, గడువు గడిచిపోయాక గానీ సంగతి తెలియదు. తెలిసేసరికి మున్సిపాలిటీ తీర్మానం అయిపోయి ఉంటుంది, ఏజెంటు కుదిరిపోయి ఉంటాడు. ఆ తర్వాత కోర్టుకు పోవడమే దారి. కోర్టులో కేసు తేలేలోపు బుల్డోజరు వచ్చి తోటలో నిలబడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

స్థానిక రైతులకు భాష వచ్చు కదా, వాళ్లకేం ఇబ్బంది అనుకోవద్దు. గెజిట్ చదివే రైతు ఏ దేశంలోనైనా ఎంతమంది? దెబ్బతిన్న వాళ్లలో స్పెయిన్ వాళ్లూ ఉన్నారు, ఫిర్యాదుల మీద వాళ్లూ సంతకాలు పెట్టారు. అయితే లోకానికి వినబడింది మాత్రం విదేశీయుల గొంతే.

తీర్మానాలు గెలిచాయి, భూమి గెలవలేదు

బాధితులు ఊరుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. సంఘం పెట్టుకున్నారు. 2003 నుంచి యూరోపియన్ పార్లమెంటుకు వినతిపత్రాలు పంపారు. సంతకాలు వేలల్లో వచ్చాయి. పార్లమెంటు సభ్యుల బృందాలు స్పెయిన్ వచ్చి ఊళ్లు తిరిగి చూశాయి. 2005 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని తప్పుబడుతూ తీర్మానం చేసింది. అదే నెలాఖరులో వాలెన్సియా ప్రభుత్వం పాత చట్టం తీసేసి కొత్త చట్టం తెచ్చింది. నోటీసుల విషయంలో, టెండర్ల విషయంలో కొన్ని మార్పులు చేశారు. కానీ భూమి లేని ఏజెంటు మాత్రం కొత్త చట్టంలోనూ అలాగే ఉన్నాడు. సీసా మారింది, సారా మారలేదు.

2009 మార్చి 26న మరోసారి పార్లమెంటులో చర్చ జరిగింది. డెన్మార్క్ సభ్యురాలు మార్గ్రెతె ఔకెన్ తయారుచేసిన నివేదికకు అనుకూలంగా 349 మంది, వ్యతిరేకంగా 110 మంది ఓటేశారు. 114 మంది తటస్థంగా ఉన్నారు. స్పెయిన్‌లో విచ్చలవిడిగా సాగుతున్న పట్టణీకరణ మనుషుల హక్కులనూ పర్యావరణాన్నీ దెబ్బతీస్తోందని నివేదిక తేల్చింది. తీరు మారకపోతే స్పెయిన్‌కు అందే ఐరోపా నిధులను నిలిపి ఉంచే అవకాశం ఉందని హెచ్చరించింది.

ఇంత జరిగాక న్యాయం దొరికిందా? పార్లమెంటు తీర్మానం సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. ఆస్తి చట్టాలు ఆయా దేశాల సొంత వ్యవహారం. ఐరోపా కమిషన్ స్పెయిన్ మీద కోర్టుకు వెళ్లింది గానీ, ఏ పాయింటు మీద? యజమాని హక్కు పోయిందని కాదు. ఏజెంటును ఎంపిక చేసేటప్పుడు టెండరు నిబంధనలు పాటించలేదని. అంటే నిన్ను దోచుకోవడం తప్పా కాదా అన్నది కాదు, దోచుకునే కాంట్రాక్టు పోటీలో ఇచ్చారా లేదా అన్నది కేసు. 2011 మే 26న ఐరోపా న్యాయస్థానం ఆ కేసును కూడా కొట్టేసింది.

డబ్బు కట్టి మోసపోయిన వాళ్లు

పక్కనే మరో రకం తగాదా నడిచింది. సొంత స్థలం పోగొట్టుకున్న వాళ్లు కొందరైతే, డెవలపర్‌కు ముందే డబ్బు కట్టి ఇల్లు రాని వాళ్లు ఇంకొందరు. స్పెయిన్‌లో 1968 నుంచే మంచి చట్టం ఒకటి ఉంది. కట్టబోయే ఇంటికి ముందుగా డబ్బు తీసుకుంటే దానికి బ్యాంకు గ్యారంటీ గానీ బీమా గానీ ఇవ్వాలి, ఆ సొమ్ము ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చట్టం పుస్తకంలో ఉంది. డెవలపర్లు చాలామంది గ్యారంటీ ఇవ్వలేదు. బ్యాంకులు అడగలేదు. డబ్బు కట్టినవాడు సముద్రం అవతల ఉన్నాడు కాబట్టి ఆ కాగితం ఉండాలని అతనికి తెలియలేదు.

దక్షిణాన అండలూసియాలో ఇంకో దారుణం. ఊరి మున్సిపాలిటీ అనుమతి ఇచ్చింది, డెవలపర్ కట్టాడు, విదేశీయుడు కొన్నాడు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వచ్చి ఇది సాగుభూమి, ఇక్కడ ఇల్లే ఉండకూడదు అంది. 2008 జనవరి 9న అల్మెరియా జిల్లా వేరా పట్టణం దగ్గర ఒక వృద్ధ బ్రిటిష్ జంట ఇంటిని, చేతిలో మున్సిపాలిటీ అనుమతి కాగితం ఉండగానే, కూల్చేశారు. మిగిలిన కారు షెడ్డులోనే వాళ్లు ఏళ్ల తరబడి కాపురం ఉన్నారు. వాళ్ల వాదన వినకుండా కూల్చడం తప్పని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం తర్వాత చెప్పింది. చెబితే కూలిన గోడ లేస్తుందా? అనుమతి ఇచ్చినవాడు బాగున్నాడు, అమ్ముకున్నవాడు బాగున్నాడు, కూల్చినవాడు బాగున్నాడు.

చివరికి వాలెన్సియా తీరంలో ఆ జోరును ఆపింది ఏమిటో తెలుసా? పార్లమెంటూ కాదు, కోర్టూ కాదు. 2008లో రియల్ ఎస్టేట్ బుడగ పగిలింది. ఆ జూలైలో మార్టిన్సా ఫదేసా అనే పెద్ద నిర్మాణ సంస్థ దివాలా తీసింది. అలికాంటే కేంద్రంగా నడిచిన పొదుపు బ్యాంకు సీఏఎం మునిగిపోయి, 2011 డిసెంబరులో ఒకే ఒక్క యూరోకు మరో బ్యాంకు చేతికి వెళ్లింది. ఎక్కడి పనులు అక్కడే ఆగాయి. రోడ్లు వేసి, దీపాల స్తంభాలు పాతి, ఇళ్లు కట్టకుండా వదిలేసిన లేఅవుట్లు మిగిలాయి. అక్కడ తోట లేదు, ఊరూ లేదు. ముందుగా డబ్బు కట్టి మోసపోయిన వాళ్లకు మాత్రం కొంత ఊరట దొరికింది. 2015 డిసెంబరు 21న స్పెయిన్ సుప్రీంకోర్టు, గ్యారంటీ ఉందో లేదో చూడకుండా కొనుగోలుదారుల డబ్బు ఖాతాలో వేసుకున్న బ్యాంకు ఆ డబ్బుకు బాధ్యత వహించాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పును మనం గుర్తుపెట్టుకోవాలి, కింద మళ్లీ దాని మాట వస్తుంది.

ఇక మన ఊరికి వద్దాం

ఆ విదేశీయులంతా పాపం అమాయకులు అని మేము అనడం లేదు. సాగుభూమిని విడిది ఇళ్లుగా కొన్నది వాళ్లే. వాళ్ల కొనుగోళ్లు చూసే డెవలపర్ల నోట్లో నీళ్లూరాయి. కానీ కొన్న భూమి మీద హక్కు లేకపోవడం ఎవరికైనా అన్యాయమే. చదువు, డబ్బు, పలుకుబడి ఉన్న వాళ్లకే ఆ గతి పడితే, రెండెకరాల రైతు గతి ఏమిటన్నదే మన ప్రశ్న.

అమరావతి చూడండి. 2014 సీఆర్‌డీఏ చట్టం కింద 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. వాలెన్సియాకూ దీనికీ తేడా ఉంది, దాచిపెట్టకుండా చెప్పుకుందాం. ఇక్కడ కాగితం మీద ఇది ఐచ్ఛికం, ఉండవల్లి, పెనుమాకల్లో ఇవ్వబోమని నిలబడిన రైతులున్నారు. రోడ్ల ఖర్చు అని డబ్బు బిల్లు పంపలేదు. కానీ లెక్క వేయండి. ఎకరం అంటే 4,840 గజాలు. మెట్ట భూమి ఎకరానికి తిరిగి ఇస్తామన్నది 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు భూమికైతే 1,000, 450. అంటే నాలుగో వంతు నుంచి మూడో వంతులోపు. ఆ మిగతా భూమే మన కట్టుబడి. అది అభివృద్ధి జరిగితేనే విలువ. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ అభివృద్ధి ఎక్కడికక్కడ ఆగిపోయింది. పచ్చని పొలాలు ఇచ్చిన వాళ్లు ముళ్లకంపల మధ్య తమ ప్లాటు ఎక్కడో వెతుక్కున్నారు. రాజధాని కోసం ఇచ్చిన వాళ్లే రాజధాని కోసం ఏళ్ల తరబడి రోడ్డున కూర్చున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చినా, చేతిలో ప్లాటు పడటానికి ఆ తీర్పు ఒక్కటే చాలలేదు. భూమి లేని కూలీకి నెలకు 2,500 రూపాయల పింఛను రాసి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు మళ్లీ రెండో విడత సమీకరణ అంటున్నారు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది. ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలని ఉంది. సమీకరణ అనే మాట వాడితే వాటి అవసరమే ఉండదు.

ఇప్పుడు కామారెడ్డి చూడండి. మున్సిపాలిటీ మాస్టర్ ప్లాను ముసాయిదాలో చుట్టుపక్కల గ్రామాల సాగుభూములను పారిశ్రామిక జోన్‌లో చూపించారు. ఎవరూ భూమి కొనలేదు, సేకరణ నోటీసు ఇవ్వలేదు. మ్యాపు మీద రంగు మార్చారు, అంతే. ఆ రంగుతోనే పొలం విలువ పోయింది, అమ్ముకోవడానికీ ఇల్లు కట్టుకోవడానికీ వీల్లేని పరిస్థితి వచ్చింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరిలో రైతులు కుటుంబాలతో సహా కలెక్టరేటు ముందు కూర్చున్నారు. ముసాయిదా ఇంకా ఖాయం కాలేదు. ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది.

వాలెన్సియాలో విదేశీయులు కదిలింది బిల్లు వచ్చాక. కామారెడ్డి రైతులు కదిలింది ప్లాను ముసాయిదాలో ఉండగానే. వాళ్లకు యూరోపియన్ పార్లమెంటు అండ దొరికినా భూమి దక్కలేదు. వీళ్లకు ఏ పార్లమెంటూ లేదు, అయినా ప్లాను వెనక్కి పోయింది. భూమి తగాదా కోర్టులో మొదలవదు, ప్లాను గీసే గదిలో మొదలవుతుంది. ఆ గదిలో మనం లేకపోతే తర్వాత ఎంత అరిచినా అరణ్యరోదనే.

ఇంకో మాట. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో ఫొటోలు చూసి ప్రీ లాంచ్ ఆఫర్ల పేరుతో డబ్బు కడుతున్నారు. ఏ రైతు దగ్గర ఇంకా కొనని భూమిని ఏ డెవలపర్ అమ్ముతున్నాడో వాళ్లకు తెలియదు. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలు చేసిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. స్పెయిన్‌లో 1968 చట్టం కూడా ఇలాగే చక్కగా ఉండేది. అడిగేవాడు లేకపోతే చట్టం చిత్తుకాగితమే. రేపు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్న డెవలపర్ పారిపోతే, సగం డబ్బుతో భూమి వదులుకున్న రైతూ, మొత్తం డబ్బు కట్టిన కుర్రాడూ ఒకే కోర్టు వరండాలో కలుసుకుంటారు. అందులో ఒకడు మన వాడు, ఇంకొకడు మన కొడుకు.

మేము అడుగుతున్నది

ఒకటి. భూమి కొనని ఏ ప్రైవేటు డెవలపర్‌కూ ఆ భూమి మీద ప్లాను వేసే, ఖర్చు వసూలు చేసే అధికారం ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

రెండు. మాస్టర్ ప్లాను ముసాయిదాను సర్వే నంబర్లతో సహా తెలుగులో ప్రతి పంచాయతీ గోడ మీద అతికించాలి. ప్రతి పట్టాదారుకూ నోటీసు చేతికివ్వాలి. గ్రామసభ చర్చించకుండా సాగుభూమి జోన్ మార్చకూడదు.

మూడు. సమీకరణ ఒప్పందంలో ప్లాటు అప్పగించే తేదీ రాయాలి. తేదీ తప్పితే ఏటా నష్టపరిహారం, మరీ ఆలస్యమైతే భూమి వెనక్కి. కౌలు రైతుకూ, కూలీకీ వాటా అదే ఒప్పందంలో ఉండాలి.

నాలుగు. రెరా ఖాతా నిబంధన పాటించని డెవలపర్‌తో పాటు, చూసీచూడనట్టు డబ్బు వేసుకున్న బ్యాంకును కూడా బాధ్యుణ్ని చేయాలి. స్పెయిన్ సుప్రీంకోర్టు చేసిన పని మన ప్రభుత్వాలు ఎందుకు చేయలేవు?

ఇవి అడుగుతూనే మనం చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి గ్రామ కమిటీ ముగ్గురిని ఎంపిక చేయాలి. నెలకోసారి మున్సిపాలిటీ, పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయాలకు వెళ్లి నోటీసు బోర్డు చూడటం, మ్యాపు అడిగి తీసుకోవడం వాళ్ల బాధ్యత. ముసాయిదా రాగానే ఊరంతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టి సరిపెట్టుకోవద్దు. ఎవరి సర్వే నంబరుతో వాళ్లు విడివిడిగా అభ్యంతరం రాయాలి, రసీదు తీసుకోవాలి. చదువు రాని వాళ్లకు కమిటీయే రాసిపెట్టాలి. ఊళ్లో లేని వాళ్లకు ఫోను చేసి చెప్పాలి, వాళ్ల తరఫున కూడా పెట్టించాలి.

గెజిట్‌లో వేశాం, చూసుకోలేదా అన్న మాట రేపు మన అధికారి నోట వినకూడదు. చూశాం, చదివాం, ఒప్పుకోం అని ముందుగా మనమే చెప్పాలి. ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలో మొదటి అంశం ఇదే కావాలి.